ప్రైవేటు నగదు బదిలీలు, పేదరికం

ప్రభుత్వ ప్రమేయం లేకుండా, తిరిగి చెల్లించాలనే నిబంధన లేకుండా ఒక కుటుంబం నుండి మరొక కుటుంబానికి అందే డబ్బును అర్థశాస్త్రంలో ప్రైవేటు నగదు బదిలీ అంటారు. పరదేశంలో పనిచేసే కొడుకు ఇంటికి పంపే సొమ్ము, పట్నంలో ఉన్న అన్న పల్లెలోని చెల్లెలికి పంపే సొమ్ము, ఆసుపత్రి ఖర్చుకు మేనమామ సర్దే సొమ్ము ఇవన్నీ దీని కిందికే వస్తాయి. వీటిలో ఎక్కువగా లెక్కకు అందేది వలస వెళ్ళినవారు పంపే డబ్బు. దీనినే రెమిటెన్సు అని కూడా వ్యవహరిస్తారు.

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2023లో అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకు విదేశాల నుండి ఈ విధంగా చేరిన సొమ్ము సుమారు 65,600 కోట్ల డాలర్లు. అందులో భారతదేశానికి వచ్చినది సుమారు 12,000 కోట్ల డాలర్లు. మరే దేశానికీ ఇంత మొత్తం రాలేదు. సంపన్న దేశాల ప్రభుత్వాలు అభివృద్ధి సహాయం పేరిట ఇచ్చేదానికంటే ఈ మొత్తం చాలా ఎక్కువ. పైగా ఇది దరఖాస్తు లేకుండా, అర్హుల జాబితా లేకుండా నేరుగా ఇంటికి చేరుతుంది. అందుచేత పేదరిక నిర్మూలనకు ఇంతకంటే మంచి సాధనం లేదని వాదించేవారు ఉన్నారు. ఈ వాదంలో నిజం ఉంది, కాని అది అన్ని పేద కుటుంబాలకూ సమానంగా వర్తించదు. డబ్బు చేరిన ఇంటిలో ఆకలిని తగ్గించడంలో దాని శక్తి చాలా పెద్దది. అయితే కడుపేదల ఇళ్ళకు అది చేరడమే అరుదు, చేరినా చిన్న మొత్తాలలో చేరుతుంది.

పేదరికాన్ని కొలిచే పద్ధతి

ఈ విషయం అర్థం కావాలంటే పేదరికాన్ని ఎలా కొలుస్తారో ముందు తెలుసుకోవాలి. పత్రికలలో తరచుగా కనిపించేది దారిద్ర్యరేఖకు దిగువన ఎంత శాతం ప్రజలు ఉన్నారనే లెక్క. ఇందులో పెద్ద లోపం ఒకటి ఉంది. రేఖకు ఒక్క రూపాయి దిగువన ఉన్నవాడు, పస్తులతో పడుకునేవాడు ఇద్దరూ ఈ లెక్కలో ఒకటే. ఈ లోపాన్ని సవరించడానికి 1984లో జేమ్స్ ఫోస్టర్, జోయెల్ గ్రీర్, ఎరిక్ థోర్‌బెక్ అనే ఆర్థికవేత్తలు ఒక సూచీల కుటుంబాన్ని ప్రతిపాదించారు. అందులో మొదటిది పేదల సంఖ్యను, రెండవది పేదరికపు లోతును, మూడవది పేదరికపు తీవ్రతను కొలుస్తాయి. రేఖకు ఎంత దిగువన ఉన్నారో ఆ అంతరాన్ని తీసుకుంటే లోతు తెలుస్తుంది. అదే అంతరాన్ని వర్గం చేసి లెక్కిస్తే తీవ్రత తెలుస్తుంది. వర్గం చేయడం వలన అట్టడుగున ఉన్నవారికి ఎక్కువ బరువు లభిస్తుంది.

ఉదాహరణకు దారిద్ర్యరేఖ మనిషికి నెలకు 2,000 రూపాయలు అనుకుందాం. ఒక ఇంటిలో తలసరి ఖర్చు 1,900 రూపాయలు, పక్క ఇంటిలో 800 రూపాయలు. మొదటి ఇంటికి మనిషికి 200 రూపాయల చొప్పున డబ్బు వస్తే ఆ ఇల్లు రేఖను దాటుతుంది, పేదల సంఖ్య తగ్గుతుంది. రెండవ ఇంటికి మనిషికి 800 రూపాయల చొప్పున వచ్చినా తలసరి ఖర్చు 1,600 మాత్రమే అవుతుంది కనుక ఆ ఇల్లు పేదల జాబితాలోనే ఉంటుంది. పేదల సంఖ్యను చూసేవాడికి రెండవ ఇంటిలో ఏ మార్పూ కనిపించదు. తీవ్రతను చూస్తే మాత్రం రేఖకు ఉన్న అంతరం 60 శాతం నుండి 20 శాతానికి పడిపోయింది. వర్గం చేస్తే 0.36 కాస్తా 0.04 అయింది, అనగా తీవ్రత తొమ్మిదో వంతుకు తగ్గింది. ఒంటిపూట భోజనం రెండు పూటలయింది, కాని జనాభా లెక్కల కాగితంపై ఏమీ జరగలేదు. కడుపేదల విషయంలో ఏ సూచీని చూస్తున్నామన్నది ఇంత ముఖ్యం.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో సరిగ్గా ఇదే కనబడింది. రిచర్డ్ ఆడమ్స్ అనే ఆర్థికవేత్త ఆ దేశంలో 2000లో జరిగిన కుటుంబ సర్వేను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రకటించాడు. బయటి నుండి వచ్చే డబ్బు వలన పేదల సంఖ్య కొద్దిగా మాత్రమే తగ్గగా, పేదరికపు తీవ్రత సుమారు ఐదో వంతు తగ్గింది. డబ్బు అందుకునే ఇళ్ళలో అట్టడుగు పదో వంతు కుటుంబాలకు మొత్తం రాబడిలో సగానికి పైగా ఈ విధంగా వచ్చినదే.

నేపాల్ అనుభవం

ఈ అంశంపై ఎక్కువగా చర్చకు వచ్చే దేశాలలో నేపాల్ ఒకటి. 1995-96లో అక్కడ జరిగిన జీవన ప్రమాణాల సర్వేలో 42 శాతం ప్రజలు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. 2003-04 నాటికి ఇది 31 శాతానికి, 2010-11 నాటికి 25 శాతానికి తగ్గింది. విచిత్రమేమంటే ఇందులో ముఖ్యమైన భాగం, అనగా 1996 నుండి 2006 వరకు, మావోయిస్టుల సాయుధ పోరాటం జరిగిన కాలం. పల్లెలలో పెట్టుబడులు లేవు, పరిశ్రమలు పెరగలేదు, వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. అయినా పేదరికం తగ్గింది.

ఇందుకు ఒక కారణం యువకులు ఊళ్ళు విడిచి వెళ్ళడమే. బయటి నుండి డబ్బు అందుకునే కుటుంబాలు 1995-96లో 23 శాతం ఉండగా 2003-04లో 32 శాతం, 2010-11లో 56 శాతం అయ్యాయి. 2022-23 సర్వే నాటికి నాలుగింట మూడు వంతుల ఇళ్ళకు ఏదో ఒక మొత్తం అందుతున్నది. మైకేల్ లోక్షిన్, మరి ఇద్దరు పరిశోధకులు చేసిన అధ్యయనం ప్రకారం 1995-2004 మధ్య నేపాల్‌లో పేదరికం తగ్గుదలలో దాదాపు 20 శాతం వలసల పెరుగుదల, వాటివలన వచ్చిన డబ్బు కారణంగా జరిగింది.

ఐదో వంతు అంటే చిన్నదేమీ కాదు, కాని దేశమంతటా వినిపించే మాటతో పోల్చితే తక్కువే. ఈ తేడాకు కారణం లెక్కించే పద్ధతిలో ఉంది. దుబాయి నుండి నెలకు పదివేలు వస్తున్నాయంటే ఆ పదివేలూ లాభం అనుకోవడం పొరపాటు. ఆ మనిషి ఊరిలోనే ఉండిఉంటే పొలంలోనో కూలికో వెళ్ళి కొంత సంపాదించేవాడు. ఆ సంపాదనను మినహాయించిన తరువాత మిగిలేదే అసలు లాభం. పైన పేర్కొన్న అధ్యయనం ఈ మినహాయింపు చేసింది. అలా చేయకుండా వేసిన లెక్కలు ఎప్పుడూ ఘనంగానే కనిపిస్తాయి.

నేపాల్‌లో గమనించవలసిన మరొక విషయం, అందరూ ఒకే చోటికి వెళ్ళరు. 1950 నాటి ఒప్పందం వలన భారతదేశానికి వెళ్ళడానికి నేపాలీలకు వీసా అవసరం లేదు, బస్సు చార్జీ ఉంటే చాలు. అందుచేత పశ్చిమ కొండ ప్రాంతాల నిరుపేదలు ఢిల్లీ, ముంబయి వంటి నగరాలకు కాపలా పనులకు, హోటలు పనులకు వస్తారు. ఏజెంటుకు చెల్లించగలిగినవారు ఖతార్, సౌదీ అరేబియా, మలేషియాలకు వెళతారు. చదువు, ఆస్తి ఉన్నవారు ఇంకా దూరం వెళతారు. దారి ఖర్చు పెరిగేకొద్దీ ఇంటికి చేరే మొత్తం కూడా పెరుగుతుంది. ఆ విధంగా ఊరిలో ఉన్న అంతస్తులే విదేశాలలో కూడా కొనసాగుతాయి.

ఇతర దేశాల సంగతికి వస్తే, ఆడమ్స్, జాన్ పేజ్ కలిసి 71 వర్ధమాన దేశాల గణాంకాలను పరిశీలించి 2005లో ఒక పత్రం ప్రచురించారు. తలసరి రెమిటెన్సులు 10 శాతం పెరిగితే పేదల నిష్పత్తి సగటున 3.5 శాతం తగ్గుతుందని అందులో తేలింది. ఇక్కడ 3.5 శాతం అంటే ఉన్న నిష్పత్తిలో 3.5 శాతం. అనగా 40 శాతం పేదలున్న దేశంలో అది 38.6 శాతం అవుతుంది. ఈ అంకెను చూపి 40 నుండి 36.5కు తగ్గుతుందని చెప్పేవారు పొరబడుతున్నారు.

కడుపేదలకు ఎందుకు చేరదు

ఇంటికి డబ్బు రావాలంటే పంపగలిగిన మనిషి ఒకరు బయట ఉండాలి. వృద్ధ దంపతులు, చిన్నపిల్లలతో మిగిలిన వితంతువు, పనిచేయగల కొడుకు మంచాన పడిన ఇల్లు వీరికి పంపే మనిషి లేడు. ఆదుకోవలసిన బంధువులు కూడా సాధారణంగా అంతే పేదవారు. ప్రభుత్వ పింఛనుకు అర్హతలు ఉంటాయి, వాటిని బట్టి అడిగి తీసుకోవచ్చు. బంధుత్వంలో అలా అడిగే హక్కు లేదు.

రెండవ అడ్డంకి ప్రయాణపు ఖర్చు. తెలంగాణలో ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుండి గల్ఫ్ దేశాలకు, ఆంధ్రప్రదేశ్‌లో కడప, గోదావరి జిల్లాల నుండి కువైట్ తదితర దేశాలకు దశాబ్దాలుగా వలసలు సాగుతున్నాయి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద చేసిన నిబంధనల ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తన సేవకు వసూలు చేయగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై పన్ను. వాస్తవంలో చాలామంది అంతకంటే ఎక్కువే చెల్లిస్తారు, అందుకు అప్పు చేస్తారు. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చినవాడు సంవత్సరానికి 36,000 రూపాయలు వడ్డీకే కట్టాలి. మొదటి సంవత్సరం పంపిన డబ్బులో ఎక్కువ భాగం ఆ ఇంటి గడప దాటి అప్పు ఇచ్చినవాని ఇంటికి వెళుతుంది. పొలం లేనివానికి ఆ అప్పు కూడా పుట్టదు. కంపెనీ మూతపడినా, మనిషి పోయినా అప్పు మిగులుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్ దేశాలలో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇచ్చే విధానాన్ని ప్రకటించింది.

పాలమూరు వలస కూలీల సంగతి వేరు. ఆనకట్టలు, కాలువలు, రహదారుల పనులకు దేశమంతా తిరిగే వీరిలో చాలామంది గుంపు మేస్త్రీ దగ్గర ముందుగానే అడ్వాన్సు తీసుకుని బయలుదేరుతారు. ఆ సొమ్ము పాత అప్పులకో పెండ్లి ఖర్చుకో అయిపోతుంది. తరువాత నెలలపాటు చేసే పని ఆ అడ్వాన్సుకు చెల్లవుతుంది. కాబట్టి వీరు వలస వెళ్ళినా ఇంటికి నెలనెలా డబ్బు పంపే స్థితిలో ఉండరు. భార్యాభర్తలు కలిసి వెళితే పంపవలసిన ఇల్లే తాళం వేసి ఉంటుంది.

రాష్ట్రాలవారీ లెక్కలు చూసేటప్పుడు ఈ తేడాలను మరువరాదు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం 2023-24లో భారతదేశానికి విదేశాల నుండి వచ్చిన సొమ్ములో తెలంగాణ వాటా 8.1 శాతం. అమెరికాలోని ఇంజనీరు హైదరాబాదులో అపార్ట్‌మెంటు కొనడానికి తల్లిదండ్రులకు పంపిన డాలర్లు, సౌదీలోని కూలి జగిత్యాల పల్లెకు పంపిన రియాళ్ళు రెండూ ఆ పద్దులోనే ఉన్నాయి. అదే సర్వేలో దేశానికి వచ్చిన మొత్తంలో అమెరికా వాటా 27.7 శాతంతో అన్ని దేశాలకంటే ఎక్కువగా ఉంది. మొత్తం పెరిగినంత మాత్రాన పేదలకు చేరేది పెరిగిందని చెప్పలేము.

పేదలకు దగ్గరగా ఉండేది దేశంలోపలి వలస. ప్రయాణానికి ఖర్చు తక్కువ, పాస్‌పోర్టు అక్కరలేదు. 2007-08 జాతీయ నమూనా సర్వేను విశ్లేషించిన చిన్మయ్ తుంబే లెక్క ప్రకారం ఆ సంవత్సరం దేశంలో ఒకచోటి నుండి మరొకచోటికి కుటుంబాల మధ్య సాగిన బదిలీలు సుమారు 1,000 కోట్ల డాలర్ల విలువ చేస్తాయి. అందులో 80 శాతం పల్లెలకే చేరింది. పల్లెలలో ప్రతి పది ఇళ్ళలో దాదాపు ఒక ఇంటికి ఈ డబ్బు అందింది. అందిన ఇళ్ళలో ఇంటి ఖర్చులో 30 శాతానికి పైగా దానితోనే గడిచింది. మిగిలిన తొమ్మిది ఇళ్ళలో ధనికులు ఉన్నారు, పంపే దిక్కులేనివారూ ఉన్నారు.

అతి తక్కువ ఖర్చు కూడా ఎంత అడ్డమో బంగ్లాదేశ్‌లోని రంగపూర్ ప్రాంతంలో తెలిసింది. వరి కోతలకు ముందు అక్కడ పని దొరకని ఆకలి కాలాన్ని మొంగా అంటారు. 2008లో పరిశోధకులు కొన్ని కుటుంబాలకు సుమారు ఎనిమిదిన్నర డాలర్లు, అంటే దాదాపు ఒక బస్సు చార్జీ, ఇచ్చి ఒకరిని పనికి పంపమన్నారు. ఆ చిన్న ప్రోత్సాహంతో 22 శాతం కుటుంబాలు అదనంగా ఒకరిని పంపాయి. ఆ ఇళ్ళలో తిండి తదితర ఖర్చులు 30 శాతానికి పైగా పెరిగాయి. ఇంత లాభం ఉంటే ముందే ఎందుకు వెళ్ళలేదన్న ప్రశ్న వస్తుంది. పని దొరక్కపోతే ఆ బస్సు చార్జీ పోయినట్లే, దానితో ఇంటిలోని గింజలూ పోయినట్లే. అంచున బతికేవాడు ఆ సాహసం చేయలేడు. అయితే 2017లో ఇదే పథకాన్ని చాలా పెద్దయెత్తున అమలు చేసినప్పుడు ఆశించిన ఫలితం రాలేదు.

కష్టకాలంలో ఆసరా

నెలనెలా వచ్చే డబ్బు కంటే కరవులోనో జబ్బులోనో వచ్చే డబ్బు విలువ ఎక్కువ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లితో సహా దక్కన్‌లోని కొన్ని గ్రామాలలో కుటుంబాల రాబడి ఖర్చులను ఏళ్ళ తరబడి నమోదు చేసింది. ఆ వివరాలను పరిశీలించిన మార్క్ రోజెన్‌జ్వైగ్, ఓడెడ్ స్టార్క్ 1989లో ఆసక్తికరమైన విషయం ప్రకటించారు. ఆడపిల్లలను దూరపు ఊళ్ళకు ఇచ్చిన కుటుంబాలలో పంట పోయిన ఏడు కూడా తిండి ఖర్చు అంతగా పడిపోలేదు. ఒక ఊరిలో వాన కురవకపోతే వియ్యాలవారి ఊరిలో కురిసి ఉండవచ్చు. వియ్యం ఇక్కడ బీమా లాగా పనిచేసిందన్నమాట. పరిశోధకులు చెప్పక ముందే ఈ సంగతి మన పెద్దవారికి తెలియనిది కాదు. అవే గ్రామాల లెక్కలతో రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ప్రచురించిన పత్రంలో ఊరివారు కష్టాలను చాలావరకు పంచుకుంటున్నట్లు కనబడినా, ఒక గ్రామంలో భూమిలేనివారికి మాత్రం ఆ రక్షణ ఇతరులకంటే తక్కువగా ఉంది.

ఫిలిప్పీన్స్‌లో విదేశాలలో మనిషి ఉన్న కుటుంబాలకు వర్షాల తేడా వలన రాబడి తగ్గినప్పుడు, తగ్గినదానిలో సుమారు 60 శాతాన్ని బయటి నుండి వచ్చిన డబ్బు పూడ్చిందని 2007లో డీన్ యాంగ్, హ్వాజంగ్ చోయి లెక్కకట్టారు. విదేశాలలో మనిషి లేని ఇంటికి ఆ ఆసరా లేదు.

పంపే ఖర్చు

భారత తపాలా శాఖ 1880లో మనియార్డరు సేవను ప్రారంభించింది. తరాలపాటు కూలీల డబ్బు దానిలోనే ప్రయాణించింది. నూటికి 5 రూపాయలు రుసుము. విదేశాల నుండి 200 డాలర్లు పంపడానికి ఇప్పటికీ ప్రపంచ సగటు ఖర్చు 6 శాతానికి పైనే ఉంది. దీనిని 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యంగా పెట్టుకుంది. చిన్న మొత్తాలు పంపేవారికే శాతం ఎక్కువ పడుతుంది కనుక ఈ భారం పేదలపైనే ఎక్కువ.

మొబైల్ ఫోను ఈ పరిస్థితిని కొంత మార్చింది. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా సేవపై విలియం జాక్, తవ్‌నీత్ సూరి జరిపిన అధ్యయనాలు ప్రసిద్ధమైనవి. జబ్బు, పంట నష్టం వంటి దెబ్బ తగిలినప్పుడు ఈ సేవ వాడనివారి ఇంటి ఖర్చు 7 శాతం పడిపోగా, వాడేవారిది పడిపోలేదు. పంపడం తేలిక కావడంతో ఎక్కువమంది బంధుమిత్రులు తలా కొంచెం పంపగలిగారు. 2016లో వారు ప్రకటించిన అంచనా ప్రకారం ఈ సేవ వలన 1,94,000 కుటుంబాలు, అనగా కెన్యా కుటుంబాలలో 2 శాతం, కడు పేదరికం నుండి బయటపడ్డాయి.

ప్రభుత్వ సహాయంతో సంబంధం

ప్రభుత్వం పింఛను ఇస్తే పిల్లలు పంపడం మానుకుంటారా అనే ప్రశ్న పాతదే. దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛనును పరిశీలించిన రాబర్ట్ జెన్‌సెన్ 2004లో ఒక అంచనా ఇచ్చాడు. పింఛను ఒక రాండు పెరిగితే పిల్లలు పంపేది 25 నుండి 30 సెంట్లు తగ్గింది. దీనిని పథకపు వైఫల్యంగా చూపేవారు ఉన్నారు. ముప్పావు వంతు వృద్ధులకు నికరంగా దక్కింది. మిగిలిన పావు వంతు పట్నంలో కూలి చేసుకునే కొడుకు దగ్గర, అతని పిల్లల తిండికి మిగిలింది. అతడూ పేదవాడే.

పంపేవారి పరిస్థితి

ఈ అధ్యయనాలలో అధికభాగం డబ్బు అందుకునే ఇంటినే చూస్తాయి. పంపేవారిని కూడా కలిపి చూసిన కొద్ది వాటిలో బంగ్లాదేశ్ ప్రయోగం ఒకటి. గైబంధా జిల్లా పల్లెలలోని కుటుంబాలకు, ఢాకా వెళ్ళిన వారి పిల్లలకు బికాష్ అనే మొబైల్ చెల్లింపు సేవను వాడడం అరగంట ముప్పావుగంట సేపు నేర్పారు. వీరిలో చాలామంది బట్టల కర్మాగారాల కార్మికులు. నేర్చుకుని వాడినవారు ఊరికి పంపే డబ్బు 26 శాతం పెరిగింది. పల్లెలో ఇంటి ఖర్చు 7.5 శాతం పెరిగింది, కడు పేదరికం తగ్గింది, ఆకలి నెలలలో తిండి మెరుగుపడింది, అప్పులు తగ్గాయి. ఢాకాలో పంపేవారి రాబడి, పొదుపు కూడా పెరిగాయి. అయితే 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆ కార్మికుల శారీరక, మానసిక ఆరోగ్యం మాత్రం అంతకుముందుకంటే దిగజారింది.